పాపము, జీతము, మారుమనస్సు: తెలుగు క్రైస్తవ పరిభాషయు నికోబారు ద్వీపచరిత్రయు

తెలుగువారికి అండమాను దీవులు మొదట భూగోళపాఠమువలన గాక న్యాయస్థానముల తీర్పులవలన తెలిసినవి. 'ద్వీపాంతరవాసము' అను సమాసమునకు వాచ్యార్థము మరియొక దీవియందు నివసించుట మాత్రమే. కాని ఆ మాట వినినంతనే సంకెలయు, తిరిగిరాని ప్రయాణమును పాఠకుని మనస్సున మెదలును. 1858లో పోర్టుబ్లెయిరున బందీల వలస నెలకొన్నది. 1896లో ఆరంభమై 1906లో ముగిసిన సెల్యులారు జైలు నిర్మాణముతో దాని పేరు మరింత భయంకరమైనది. 1922-24 నాటి రంప పితూరీలో పట్టువడినవారిలో కొందరు అచ్చటికే పంపబడిరి. 1945లో ఆ వలస రద్దయినది. 1955 నాటి చట్టసవరణచే ద్వీపాంతరవాసశిక్షయే భారతశిక్షాస్మృతినుండి తొలగినది. శిక్ష పోయినను మాట మిగిలినది.

ఈ మాట వెనుక రెండు భావములు పెనవేసికొని యున్నవి. సముద్రయానము పతనహేతువని బౌధాయన ధర్మసూత్రము చెప్పుచున్నది. కావున నాటి బందీ ప్రభుత్వదృష్టిలో నేరస్థుడు. ఓడ నెక్కినంతనే ఆచారదృష్టిలో పతితుడు. అయినను రంప వీరులను ప్రజలు పాపులని తలపలేదు. నేరము రాజ్యమునకు సంబంధించినది, పాపము అంతకు లోతైన దేనికో సంబంధించినది అను వివేకము భాషలోనే కలదు. ఆ లోతైనది ఏది? పాపము ఎవనియందు ఉన్నదని ఒక సమాజము తలచుచున్నది? ఆ తలంపునుబట్టి ఆ సమాజమున ఎవరు నశించుచున్నారు? ఈ ప్రశ్నలకు ఈ దీవుల చరిత్రలో కఠినమైన సమాధానములు లభించుచున్నవి.

2011 జనగణన ననుసరించి ఈ దీవుల జనసంఖ్య 3,80,581. అందు సుమారు 13 శాతము తెలుగు మాతృభాషగా గలవారు. వీరిలో శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి వచ్చినవారు పెక్కురు. క్రైస్తవులు సుమారు 21 శాతము. నికోబారీయులలో అత్యధికులు క్రైస్తవులే. పోర్టుబ్లెయిరునకు 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడినది. సంస్కృతసంప్రదాయముతో నిండిన తెలుగును, ఆ సంప్రదాయమున కెన్నడును లోబడని నికోబారు భాషయు నేడు ఒకే పాలనక్రింద నున్నవి. ఒకే మతబోధ ఈ రెండు భాషాసమాజములను చేరినది. కావున పాపభావమును ఈ రెంటిని పక్కపక్కన నుంచి పరిశీలించుట ఉచితము.

తెలుగున పాపశబ్దము

పాపశబ్దమునకు సంప్రదాయజ్ఞులు 'పా' ధాతువునుండి వ్యుత్పత్తి చెప్పుదురు: దేనినుండి తన్ను తాను రక్షించుకొనవలెనో అది పాపము. అనగా పాపము మనుష్యుని చుట్టుముట్టు ఒక ముప్పు. తెలుగు వాడుక ఈ భావమునకు మరికొన్ని రూపముల నిచ్చినది. పాపమును మూటగట్టుకొందురు, అప్పుడది బరువు. పాపమును కడిగికొందురు, అప్పుడది మురికి. పాపము పండును, అప్పుడది పంట. ఈ చివరిది మిక్కిలి గంభీరమైనది. చేసినవానికి వెంటనే కీడు కలుగకపోవుటకు కారణము దైవము మరచుట కాదు, ఫలమింకను పక్వము కాకపోవుటయే. 'చేసిన పాపము చెప్పిన పోవును' అను సామెత వేరొక దారి చూపుచున్నది: దాచినది పండును, చెప్పినది పోవును.

ఇంకొక విశేషము గలదు. బాధపడువానిని చూచి తెలుగువాడు 'అయ్యో, పాపము!' అనును. ఇచ్చట నిందార్థము పూర్తిగ లోపించి జాలి యను అర్థము నిలిచినది. దుఃఖము పూర్వపాపఫలమను నమ్మకమునుండి ఈ వాడుక పుట్టియుండవచ్చును. అయినను నేడు దానిని పలుకువాని మనస్సున తీర్పు లేదు, కరుణయే కలదు. ఒకే మాట తీర్పునకును కరుణకును చెల్లుట ముందు రాబోవు విచారణలో స్మరింపదగినది.

1805లో జార్జి క్రాను, ఆగస్టసు డెగ్రాంజి అను లండను మిషనరీలు విశాఖపట్టణము చేరి బైబులు అనువాదమునకు పూనుకొన్నపుడు, ఆనందరాయరు అను పండితుని సాహాయ్యము వారికి లభించినది. మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడినవి. ప్రిచెట్టు చేసిన నూతననిబంధనము 1818లో వెలువడినది. ఈ అనువాదకులకు పాపమునకు క్రొత్తమాట కల్పింపవలసిన అవసరము రాలేదు. మాట సిద్ధముగా నున్నది. కష్టమంతయు అచ్చటనే: సిద్ధముగా నున్న మాట తన పాత సామగ్రి నంతయు వెంట తెచ్చును.

హీబ్రూభాషలో ఈ భావమునకు ముఖ్యముగా మూడు పదములు గలవు. ఒకటి గురి తప్పుట. న్యాయాధిపతుల గ్రంథము 20వ అధ్యాయమున వెండ్రుకవాసి తప్పక వడిసెల విసరు బెన్యామీనీయులను చెప్పునపుడు వాడిన క్రియ ఇదియే. గ్రీకున 'హమార్తియా' శబ్దార్థమును ఇట్టిదే. ఆరిస్టాటిలు విషాదనాటకనాయకుని పొరపాటును చెప్పుటకు దానినే గ్రహించెను. రెండవది వంకరపోవుట. మూడవది తిరుగుబాటు. 51వ కీర్తనలో మూడును ఒక్కచో కనబడును. తెలుగు అనువాదకులు వీనికి వరుసగా పాపము, దోషము, అతిక్రమము అను శబ్దములను నిలిపిరి. అతిక్రమమున గీటు దాటు అడుగు స్పష్టముగా వినబడుచున్నది. దోషమున చెడిపోవుట కలదు. పాపమున మాత్రము గురి తప్పుట అను చిత్రము లేదు. గురి యనగా చేరవలసిన చోటు. గురి తప్పుట యనగా ఎవనిని చేరవలెనో అతనికి దూరమగుట. కర్మసిద్ధాంతమున పాపము ఫలమునకు కారణము. బైబులున పాపము మొదట ఒక సంబంధమునకు విచ్ఛేదము. తెలుగు క్రైస్తవ వాఙ్మయము ఈ భేదమును ఒక్కమాటలో గాక, కీర్తనలద్వారా, ప్రసంగములద్వారా, క్రమముగా నేర్పవలసివచ్చినది.

శ్రీకాకుళ ప్రాంతమున సేవచేసిన పురుషోత్తమ చౌదరి (1803-1890) కృషి ఇచ్చట స్మరణీయము. ఆయన గ్రంథనామమైన 'నిస్తార రత్నాకరము'న నిస్తారమనగా దాటుట, రత్నాకరమనగా సముద్రము. సంసారమును సాగరమనియు, ముక్తిని తరణమనియు చెప్పు ప్రాచీనరూపకమును ఆయన విడువలేదు. దాటించువానిని మాత్రము యేసుక్రీస్తుగా నిరూపించెను. ఏ సముద్రమును దాటుట ధర్మసూత్రమున పతనహేతువైనదో, ఆ సముద్రమునే దాటుట కావ్యమున రక్షణకు ఉపమానమగుట భాషయొక్క విచిత్రగతి.

జీతము

రోమీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయమున పాపమునకు లభించునది మరణమని చెప్పుచు, పౌలు సైనికుల భత్యమును తెలుపు గ్రీకుపదమును ప్రయోగించెను. తెలుగున దానికి 'జీతము' అను పదము నిలిచినది. జీతశబ్దము సంస్కృత జీవితశబ్దమునకు వికృతి. బ్రతుకుటకు ఆధారమైనది జీతము. కావున తెలుగు వాక్యమున మూలమున లేని ఒక విరోధాభాసము తానై ఏర్పడినది: బ్రతుకుదెరువని నమ్మి కొలువుచేసినవానికి చేతికందినది చావు. అనువాదకులు దీనిని ఉద్దేశించిరో లేదో, ఫలితము మిక్కిలి సార్థకము. పాపము బెదిరించి పట్టుకొనదు. జీవమిచ్చెదనని పిలిచి పని చేయించుకొనును.

జీతము పండుటవంటిది కాదు. పంట ప్రకృతినియమము, జీతము ఒక యజమానికిని సేవకునికిని నడుమ నుండు ఒప్పందము. అందుచే పౌలు దానికి ప్రతిగా మరియొక జీతమును చెప్పక, కృపావరమును చెప్పెను. మరణము సంపాదింపబడును, జీవము ఇయ్యబడును. పుణ్యమును జీతముగా భావించుటకు అలవడిన సమాజమునకు ఈ అసమత ఆశ్చర్యకరము.

పాపము చేయు వినాశము ఎట్లు విస్తరించునో ఆదికాండము 3, 4 అధ్యాయములు క్రమముగా చూపుచున్నవి. మొదటిది దాగుట. రెండవది నింద: ఆదాము భార్యను చూపెను, ఆమె సర్పమును చూపెను. మూడవది హత్య. నాలుగవది ప్రవాసము: కయీను దేశదిమ్మరి యయ్యెను. కయీను తన భారమును చెప్పుకొనుచోట హీబ్రూపదము దోషమును, దోషమునకు శిక్షను గూడ తెలుపును. తెలుగు అనువాదకులు 'దోషశిక్ష' యను సమాసముతో రెంటిని కలిపి పట్టుకొనిరి. ఇది చక్కని పరిష్కారము. పాపమునకు శిక్ష వెలుపలినుండి రాదు, పాపమే ముదిరి శిక్ష యగునని ఆ సమాసము చెప్పుచున్నది. దాగుటకును హత్యకును నడుమ నున్నది నింద. వ్రేలు ఎదుటివానివైపు తిరిగిననాడే హత్యకు దారి ఏర్పడినది. నికోబారు చరిత్రను చదువుటకు ఈ మెట్టు ముఖ్యము.

వ్రేలు చూపిన దీవి

నన్‌కౌరి ప్రాంతమున 1768 మొదలు 1787 వరకు మొరేవియను సోదరులు మతప్రచారమునకు ప్రయత్నించిరి. వారిలో పలువురు జ్వరములకు బలియైరి, ప్రయత్నము నిష్ఫలమైనది. వారిలో ఒకడైన హెన్సెలు తన అనుభవములను లేఖలుగా వ్రాయగా, అవి 1812లో లండనున అచ్చుపడినవి. అందొక సంభాషణసారము గలదు. పాపమును గూర్చి చెప్పగా ద్వీపవాసులు తాము స్వభావముచేతనే మంచివారమనిరి. ఇటీవల కొందరిని చంపితిరి గదా యని గుర్తుచేయగా, చంపబడినవారు బ్రతుకదగినవారు కారనియు, నరమాంసభక్షకులనియు బదులుచెప్పిరి. దీనిని అనాగరికుల అజ్ఞానమని తోసివేయుట సులభము. కాని ఇది ఆదాము చెప్పిన సమాధానమే. ఆనాడు ఓడలనిండ దాసులను మోసికొనిపోవుచుండిన ఐరోపాజాతుల సమాధానమును ఇట్టిదే.

నికోబారీయుల లోకమున కీడు ముఖ్యముగా ప్రేతములవలన, దుష్టశక్తులవలన కలుగునది. వానిని తరుముటకు చెక్కబొమ్మలను, రంగులువేసిన పలకలను ఇండ్ల నుంచుచుండిరి. ఈ భయము భాషనుగూడ మార్చినది. మృతుని పేరు ఉచ్చరింపరాదు. ఆ పేరు సామాన్యవస్తువాచకమైనచో ఆ మాటనే విడిచి మరియొకటి కల్పించుకొనవలెను. నన్‌కౌరి భాషకు నిఘంటువు కూర్చిన రోయెప్‌స్టార్ఫు (1884) దీనిని గుర్తించెను. చావు మనుష్యునితోపాటు మాటనుగూడ తీసికొనిపోవుట శబ్దచరిత్రకారునకు ఎంత చిక్కో చెప్పనక్కరలేదు.

కారునికోబారున ఈ భయము మరింత దారుణరూపము దాల్చినది. రోగములకును మరణములకును కారకుడని గ్రామము నిశ్చయించిన మనుష్యుని, దయ్యము పట్టినవాడని, కొందరు కలిసి వధించుచుండిరి. 1901 జనగణన నివేదికలో రిచర్డు టెంపిలు ఈ హత్యలను వర్ణించెను. గమనింపదగిన దేమనగా, చంపువారు తాము హత్య చేయుచున్నామని తలపలేదు. గ్రామమును శుద్ధిచేయుచున్నామని తలచిరి. కీడు ఒకనియందు ఉన్నది. వాడు పోయిన కీడు పోవును. ఈ తర్కమున మిగిలినవారందరును నిర్దోషులు.

ఇదే సమాజమునకు ఉమ్మడి కుటుంబవ్యవస్థ కలదు. భూమి, కొబ్బరితోటలు, పందులు, విందులు కలిసి అనుభవింతురు. ఇంత గాఢమైన ఐకమత్యము గలచోట కీడును బయటకు నెట్టవలెనను తహతహయు గాఢముగనే యుండును. ఒకనిని వెలివేసి ఐక్యమును నిలుపుకొను సమాజములు భూమిమీద నికోబారుననే గాక అంతటను గలవు. అంటరానితనమును పాటించిన తెలుగుగ్రామములు ఈ విషయమున నికోబారును నిందింపజాలవు.

1896 ప్రాంతమున వేదప్పన్ సాలమన్ అను తమిళ క్రైస్తవుడు కారునికోబారులోని ముస్ గ్రామమున నెలకొని బడి నడపెను. అతని శిష్యులలో హా-చెవ్-కా అను బాలుడు బర్మాదేశమున మాండలే నగరమునకు చదువుకై పంపబడెను. అతడే తరువాత జాన్ రిచర్డ్‌సన్ అను పేర ప్రసిద్ధుడయ్యెను. మాండలేలో నికోబారు విద్యార్థుల సాహాయ్యముతో జార్జి వైట్‌హెడ్ కూర్చిన కారునికోబారు నిఘంటువు 1925లో రంగూనున వెలువడినది. రిచర్డ్‌సన్ ఉపాధ్యాయుడై, పిమ్మట గురువై, తన భాషలోనికి నూతననిబంధనమును తెచ్చెను. అది 1950లో అచ్చయినది. సంపూర్ణ బైబులు 1969లో వెలువడినది. ఆయన 1950లో బిషపుగా అభిషిక్తుడై, 1952లో ఈ దీవుల పక్షమున మొదటి లోక్‌సభకు నామనిర్దిష్టుడై, 1978లో మరణించెను.

తెలుగు అనువాదకునకు మాట సిద్ధముగా నుండుట కష్టమైనచో, నికోబారు అనువాదకునకు కష్టము వేరు. సంస్కృతమువంటి శాస్త్రభాష అచ్చట వెనుక లేదు. కర్మ, పుణ్యము, ప్రాయశ్చిత్తము అను పరిభాష లేదు. తెలుగున పాపము మిక్కిలి ఇరుకైన సంప్రదాయమునుండి విడివడవలెను. అచ్చట కీడు బయటినుండి లోపలికి తరలవలెను. దయ్యము పట్టినవాడెవడని వెదకిన గ్రామము, ఆ ప్రశ్నను మాని, ప్రతివాడును తన హృదయమును వెదకుట నేర్వవలసియుండెను. ఈ తరలుట వ్యాకరణమున ప్రథమపురుషమునుండి ఉత్తమపురుషమునకు మారుటవంటిది: 'వాడు' అను చోట 'నేను'. దయ్యపుహత్యలు అంతరించుటకు ప్రభుత్వదండనము, బడి, వైద్యము గూడ తోడ్పడినవి. ఒక్క బోధయే కారణమనుట అతిశయోక్తి. కాని దండనము చేయిని ఆపగలదు, వ్రేలిని మడవజాలదు.

గూఢచారి

1942 మార్చిలో జపాను సేనలు ఈ దీవులను ఆక్రమించి 1945 అక్టోబరు వరకు నిలిచినవి. ఓటమి భయము పెరిగినకొలది సేనాధికారులకు ప్రతివాడును గూఢచారిగా తోచెను. హింసించి ఒప్పుకోలు రాబట్టుట, దానిని ఆధారముగా గొని చంపుట పరిపాటి యయ్యెను. పంజాబీ కవియు వైద్యుడునైన దివాన్ సింగ్ 'కాలేపాణీ' చిత్రహింసలకు గురియై 1944 జనవరి 14న సెల్యులారు జైలున మరణించెను. అదేనెల 30న హంఫ్రీగంజున 44గురు కాల్చివేయబడిరి. కారునికోబారున 1945లో పెక్కురు నికోబారీయులు గూఢచర్యనిందపై చంపబడిరి. రిచర్డ్‌సన్ బంధింపబడి, యుద్ధము ముగియుటచే బ్రదికి బయటపడెను.

ఈ హత్యల పద్ధతిని దయ్యపుహత్యలతో పోల్చిచూచిన పోలిక స్పష్టము. దయ్యము పట్టినవాడను మాటకు మారుగా గూఢచారి యను మాట వచ్చినది, తక్కినదంతయు అదే. భయము, నింద, హింసచే పుట్టిన సాక్ష్యము, శుద్ధియను పేర వధ. యంత్రనాగరికత గలిగిన సామ్రాజ్యము, తాను ఆటవికమని తలచిన ద్వీపముయొక్క పాత పాపమునే ఆ ద్వీపమున మరల ఆచరించినది. పాపము జ్ఞానాభివృద్ధితో అంతరించునను ఆశకు ఇది గొప్ప ప్రత్యాఖ్యానము. యుద్ధానంతరమున కారునికోబారీయులు మూకుమ్మడిగ క్రైస్తవమున చేరిరి. ఆ మార్పునకు ఇతరకారణములు గలవు; అయినను నిందచే చంపబడినవాని కథయే కేంద్రముగాగల మతము, నిందచే తమవారిని కోల్పోయినవారికి దగ్గరగా తోచుట సహజము.

2004 డిసెంబరు 26 నాటి సునామీ కారునికోబారు తీరగ్రామములను తుడిచివేసినది. ఇట్టి విపత్తులవేళ 'ఎవరి పాపమో' అను మాట మన దేశమున వినబడును. 1934 బీహారు భూకంపము అస్పృశ్యతాపాపమునకు శిక్షయని గాంధీజీ చెప్పగా, రవీంద్రనాథుడు ప్రకృతివిపత్తునకు నీతికారణము నంటగట్టరాదని ఖండించెను. లూకా సువార్త 13వ అధ్యాయమున ఇదే ప్రశ్న కలదు. సిలోయములో గోపురము కూలి చచ్చిన పదునెనిమిదిమంది తక్కినవారికంటె పాపులా యని యేసు అడిగి, కారని తానే చెప్పెను. వెంటనే వినువారిని మారుమనస్సు పొందుడనెను. చచ్చినవారిపై తీర్పు నిషిద్ధము. బ్రదికియున్నవారికి పరీక్ష అవశ్యము. తెలుగున 'పాపము' అను మాట చచ్చినవానియెడల జాలిని మాత్రమే తెలుపు వాడుక ఈ బోధకు ఎంతో సమీపముగ నున్నది.

మారుమనస్సు, కృప

ఇట్లు పాపము తనలోనిదని తెలిసినవాడు ఏమి చేయవలెను? తెలుగున పశ్చాత్తాపము, ప్రాయశ్చిత్తము అను శబ్దములు గలవు. మొదటిది వెనుక కలుగు వేదన. రెండవది విహితమైన శుద్ధికర్మ. అనువాదకులు ఈ రెంటితో తృప్తిచెందక 'మారుమనస్సు' అను మిశ్రసమాసమును నిలిపిరి. గ్రీకున 'మెటనోయియా' యనగా మనస్సు మారుటయే. మారుపేరు, మారువేషము అను వాడుకలలో 'మారు' శబ్దము కపటమును గూడ సూచించును. మారుమనస్సున మాత్రము వేషము తొలగి లోపలిది మారవలెను. రూపమున సోదరులైన ఈ సమాసములు అర్థమున ఎదురుబొదురుగా నిలుచుట చింతనీయము. మారుమనస్సు లేని మతము మారువేషమగును.

సచ్చరిత్రకు ప్రేరణ ఏది యను ప్రశ్న చివరిది. తెలుగున మూడు ప్రేరణములు కనబడుచున్నవి. మొదటిది పాపభీతి. అది చెడునుండి తొలగించును. కాని భయపడువాడు దాగును, దాగినవాడు నిందించును. భయమే నికోబారున బొమ్మలను నిలిపినది, మాటలను చెరిపినది, మనుష్యులను చంపినది. రెండవది పుణ్యార్జనము. అది దానధర్మములకు మూలమైనది. కాని మంచిని గూడ జీతముగా మార్చును. మూడవది కృపకు ప్రత్యుత్తరముగా జీవించుట. రోమాపత్రిక 6వ అధ్యాయారంభమున పౌలు, కృప విస్తరించునని పాపమందే నిలువవచ్చునా యను ఆక్షేపమును తానే లేవనెత్తి త్రోసివేసెను. తీతుపత్రిక 2వ అధ్యాయమున కృపయే మనుష్యునికి భక్తితో బ్రతుకుట నేర్పు ఉపాధ్యాయినిగ చెప్పబడినది.

ఇచ్చట తెలుగు కొంత కోల్పోయినది. గ్రీకున 'ఖారిస్' శబ్దము దాత చూపు కృపకును, గ్రహీత చూపు కృతజ్ఞతకును ఒక్కటే. ఇచ్చినదే తిరిగి ప్రవహించునను భావము శబ్దమందే కలదు. తెలుగున కృప, కృతజ్ఞత అను మాటలకు ధ్వనిసామ్యమున్నను ధాతుబంధుత్వము లేదు. మొదటిది జాలి, రెండవది చేసిన మేలును ఎరుగుట. మూలమున ఒక శబ్దము చేసిన పనిని తెలుగున జీవితమే చేయవలెను. నిత్యవ్యవహారమున ఆ పని చిన్నదిగ కనబడును: తప్పును దాచక చెప్పుట, నిందవచ్చినవాని పక్షమున ఒకింత నిలుచుట, వెలివేయబడినవానితో కూర్చుండి భుజించుట. పాపము ఏయే మెట్లుగ నాశము చేసెనో, భక్తిజీవనము ఆ మెట్లనే వెనుకకు ఎక్కును. దాగినవాడు బయటికి వచ్చును. నిందించిన వ్రేలు మడచుకొనును. చంపిన చేయి కాపాడును. దేశదిమ్మరికి ఇల్లు దొరకును.

'ద్వీపాంతరవాసము' అను సమాసము ఇప్పుడు శిక్షాస్మృతిలో లేదు. శ్రీకాకుళతీరమునుండి పోయి ఆ దీవులలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు అది శిక్ష గాదు, నివాసము. వాచ్యార్థము తిరిగివచ్చినది. ఒక మాట తన శిక్షార్థమును విడిచి ఇంటి యర్థమును పొందగలిగినచో, పాపశబ్దముగూడ తీర్పును విడిచి కరుణను పొందిన 'అయ్యో, పాపము' అను వాడుక కేవలము వ్యవహారభ్రంశము కాదు. ఎదుటివానియెడల ఆ మాటకు కరుణార్థమును, తనయెడల దాని మొదటి యర్థమును గ్రహించుట నేర్చిన సమాజమునకు వధింపదగిన దయ్యము దొరకదు.